రాత, పలక, తూము: జన్యు వ్యక్తీకరణ వెలుగులో ‘పుట్టుక’ భావన – ఒక నైతిక పరిశీలన

మనిషి గుణానికో, శక్తికో, దుర్గతికో కారణం చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు నుడికారం మూడు వైపులా చూస్తుంది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అన్న సామెత జన్మను చూపుతుంది. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అన్నది తల్లిని చూపుతుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నది కాలాన్ని చూపుతుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. పుట్టుకే సర్వమయితే మొక్కను వంచే ప్రయత్నమంతా దండుగ. తల్లి నడతే సర్వమయితే పుట్టుకను తప్పుపట్టి ప్రయోజనం లేదు. అయినా ఒకే నోట, ఒకే పూట మూడు సామెతలూ వినిపిస్తాయి. వేమన పేరిట ప్రచారంలో ఉన్న పద్యాల్లోనే స్వభావం మారదని తేల్చేవీ ఉన్నాయి, కులాన్ని పుట్టుకతో ముడివేయడాన్ని నిలదీసేవీ ఉన్నాయి. పాఠకులు తమకు కావలసినదాన్ని ఎత్తుకొని వాడుకుంటూ వచ్చారు.

వీటన్నిటి వెనుకా నొసటి రాత అనే పెద్ద ఊహ నిలిచి ఉంది. జన్యుశాస్త్రం సామాన్య వ్యవహారంలోకి వచ్చినప్పుడు ఈ ఊహ దానికి సిద్ధంగా దొరికింది. బ్రహ్మ రాసిన రాత స్థానంలో డీఎన్ఏ రాసిన రాత వచ్చి కూర్చుంది. ‘వాళ్ల రక్తంలోనే ఉంది’ అనే పాత మాట ‘వాళ్ల జీన్స్‌లోనే ఉంది’ అనే కొత్త మాటయింది. రాసే చెయ్యి మారింది గానీ వాక్య నిర్మాణం మారలేదు. ఒక పిల్లవాడికి చదువు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఈ వాక్యం సమాధానంగా వచ్చినప్పుడు బడి, భోజనం, పుస్తకం, ఉపాధ్యాయుడు అన్నీ విచారణ నుంచి తప్పుకుంటాయి.

జన్యువు ఉండటం వేరు, అది పలకడం వేరు అని జీవశాస్త్రమే చెబుతున్నప్పుడు ఈ వాదం ఏమవుతుంది? అది కూలిన చోట మరొక నింద వచ్చి కూర్చుంటుందా? ఈ వ్యాసం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలను. జీవశాస్త్రం ఈ వ్యాసకర్త క్షేత్రం కాదు. సామెత, కథ, ఉపమానం ఈ వ్యాసకర్త క్షేత్రం. అయితే శాస్త్రం సామాన్యుడి దగ్గరికి ఎప్పుడూ ఏదో ఒక ఉపమానంగానే చేరుతుంది కనుక, ఆ ఉపమానాన్ని పరీక్షించే పని సాహిత్య విద్యార్థికీ చెందుతుంది.

చుట్టుకున్న పాఠం

మనిషి శరీరంలోని ఒక్కొక్క కణంలో ఉన్న డీఎన్ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్ల పొడవుంటుంది. అది ఇమడవలసిన కేంద్రకం సాధారణంగా మిల్లీమీటరులో నూరో వంతుకు మించదు. ఇముడ్చే పని హిస్టోన్లనే ప్రోటీన్లది. వీటిని ఆల్‌బ్రెక్ట్ కోసెల్ 1884లోనే గుర్తించాడు. చాలాకాలం పాటు వీటిని నూలు చుట్టే కండెల్లాగా, ఏ అభిప్రాయమూ లేని సామగ్రిలాగా మాత్రమే చూశారు. 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ ఈ చుట్టుడుకు ఒక క్రమమైన ఏకకం ఉందని ప్రతిపాదించాడు. హెచ్2ఏ, హెచ్2బీ, హెచ్3, హెచ్4 అనే నాలుగు రకాల హిస్టోన్లు రెండేసి చొప్పున ఎనిమిది కలిసి ఒక ముద్దగా ఏర్పడతాయి. దాని చుట్టూ డీఎన్ఏ ఒకటిన్నర చుట్టుకు పైచిలుకు తిరుగుతుంది. ఆ చుట్టులో సుమారు 147 అక్షర జతలు ఇముడుతాయి. ఇదే న్యూక్లియోసోమ్. 1997లో దీని స్ఫటిక నిర్మాణం అణువు అణువుగా వెల్లడయింది.

ఒక జన్యువు పలకాలంటే, అంటే దాని నుంచి ఆర్ఎన్ఏ నకలు తయారు కావాలంటే, ఆ పని చేసే ప్రోటీన్లు జన్యువు మొదటి భాగాన్ని తాకగలగాలి. ఆ భాగం న్యూక్లియోసోమ్ మీద బిగుతుగా చుట్టుకొని ఉంటే తాకడం కష్టం. రెండు న్యూక్లియోసోమ్‌ల నడుమ ఖాళీలో పడితే సులభం. చురుకుగా పలికే జన్యువుల మొదట్లో తరచుగా ఇటువంటి ఖాళీ, ఆ తర్వాత వరుస తప్పకుండా కూర్చున్న న్యూక్లియోసోమ్‌లు కనిపిస్తాయి. ఈ కూర్పు శాశ్వతం కాదు. కణశక్తిని ఖర్చుపెట్టి న్యూక్లియోసోమ్‌లను జరిపే, ఊడదీసే, మార్చి పెట్టే ప్రోటీన్ సముదాయాలు ఉన్నాయి.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఈస్ట్ కణంలోని ఫో5 జన్యువు. కణం చుట్టూ ఫాస్ఫేట్ సమృద్ధిగా ఉన్నంతకాలం ఈ జన్యువు ముందు భాగం మీద న్యూక్లియోసోమ్‌లు వాటి వాటి స్థానాల్లో కుదురుగా కూర్చొని ఉంటాయి. జన్యువు మూగగా ఉంటుంది. ఫాస్ఫేట్‌కు కరువు వచ్చినప్పుడు అవి తొలగిపోతాయి. జన్యువు పలుకుతుంది, దాని నుంచి పుట్టిన ఎంజైమ్ పరిసరాల నుంచి ఫాస్ఫేట్‌ను సంపాదించుకోవడానికి పనికివస్తుంది. ఈ మార్పును వోల్ఫ్రామ్ హోర్జ్ బృందం 1986లో స్పష్టంగా చూపింది. డీఎన్ఏలో ఒక్క అక్షరం మారలేదు; ఆకలి వచ్చింది, కూర్పు మారింది, పలుకు మారింది. (భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి జీవరసాయన ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు నడిచింది. ఈ వాదానికి అవసరం లేకపోయినా, ఫాస్ఫేట్ ప్రసక్తి వచ్చిన చోట ఆ పేరు తలవకుండా దాటడం తెలుగువారికి కష్టం.)

హిస్టోన్లన్నీ ఒకే రూపంలో ఉండవన్నది రెండవ సంగతి. మామూలు హిస్టోన్ల స్థానంలో కొన్ని చోట్ల వాటి రూపాంతరాలు చేరుతాయి. హెచ్2ఏకు బదులు హెచ్2ఏ.జడ్ జన్యువుల ఆరంభ స్థానాల దగ్గర తరచుగా కనిపిస్తుంది. ఆరబిడాప్సిస్ అనే ఆవజాతి మొక్కలో హెచ్2ఏ.జడ్ ఉన్న న్యూక్లియోసోమ్‌లు ఎండవేడిని పసిగట్టే పనిలో భాగమవుతాయని 2010లో వినోద్ కుమార్, ఫిలిప్ విగ్గే చూపారు. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు అవి ఖాళీ అవుతాయి, వేడికి స్పందించే జన్యువులు పలుకుతాయి. ఇంకొక రూపాంతరం సెన్‌పీ-ఏ. కణవిభజనలో క్రోమోజోమ్‌ను పట్టి లాగే చోటును గుర్తించేది ఇదే. మనిషిలో ఆ చోటు తరతరాలుగా నిలిచేది ప్రధానంగా డీఎన్ఏ అక్షరాల వల్ల కాదు, ఆ ప్రోటీన్ అక్కడ ఉండటం వల్ల. వారసత్వమంటే అక్షరాలే అనుకునేవారు ఆగి ఆలోచించవలసిన చోటు ఇది.

అంతమాత్రాన రాతే లేదనడానికి వీల్లేదు. హెచ్3.3 అనే రూపాంతరం తయారీకి ఆధారమైన జన్యువులో ఒకే ఒక మార్పు వచ్చి, ఆ ప్రోటీన్‌లోని 27వ స్థానంలో లైసిన్‌కు బదులు మెథియోనిన్ చేరితే, పిల్లల మెదడు కాండంలో ప్రాణాంతకమైన కణితులు పుట్టడానికి దారి తీస్తుందని 2012లో తేలింది. ఒక్క అక్షరం తప్పు వల్ల కణంలోని కూర్పు యావత్తూ అస్తవ్యస్తమవుతుంది. అక్కడ ఎంత మంచి పోషణ ఉన్నా ఆ పసివాడికి దక్కేది తక్కువ. జన్యువు నిర్ణయవాదాన్ని ఖండించే ఉత్సాహంలో ఈ పిల్లలను మరచిపోయే వాదం నిజాయితీగల వాదం కాదు.

ఉపమానాల తూకం

తాటాకు ప్రతుల్లో పదాల మధ్య ఎడం ఉండదు. పదవిభాగం చేసుకోవడం చదువరి పని; విభాగం తప్పితే అర్థం తప్పుతుంది. అందుచేత జన్యుపాఠానికి తాళపత్రాన్నీ, న్యూక్లియోసోమ్‌ల కూర్పుకు పదవిభాగాన్నీ పోల్చాలని సాహిత్య విద్యార్థికి సహజంగా అనిపిస్తుంది. రూపాంతరం అనగానే పాఠాంతరం గుర్తుకు వస్తుంది. కానీ ఈ పోలిక మోసగిస్తుంది. పాఠాంతరంలో మారేది పాఠం. హిస్టోన్ రూపాంతరంలో మారేది పాఠాన్ని పట్టుకున్న కండె. పైగా తాళపత్రానికి చదువరి ఉన్నాడు, కణంలో లేడు. చదివేవాడు లేని చదువును గ్రంథం అనే ఉపమానం భరించలేదు.

పశ్చిమ ప్రకాశంలో ఇంకొక ఉపమానం చేతికందే దూరంలో ఉంది. మార్కాపురం పలకరాయికి పేరు. కొన్ని తరాల తెలుగు పిల్లలు అక్కడి పలకల మీదే బలపంతో ఓనమాలు దిద్దారు. నొసటి రాత చెరగదు, పలక మీది రాత చెరుగుతుంది. జన్యు వ్యక్తీకరణ గురించి తెలిసిన తర్వాత కొందరు నొసలు వదిలి పలకను పట్టుకున్నారు. మనసు మార్చుకుంటే జన్యువులు మారతాయనీ, సంకల్పంతో వంశలక్షణాలను తుడిచేయవచ్చుననీ బోధించే ప్రసంగాలు ఈనాడు కొల్లలు. ఇది కూడా నిజం కాదు. కాలేయ కణంలో మూతపడిన నాడీకణ జన్యువులు మామూలుగా జీవితాంతం మూతపడే ఉంటాయి. ఎదిగిన కణాన్ని వెనక్కి తిప్పవచ్చునని 2006లో షిన్యా యమనక ప్రయోగశాలలో చూపిన మాట నిజమే గానీ, అది ఎవరూ కూర్చొని సంకల్పించి సాధించేది కాదు. పలక ఉపమానంలో ఉన్న క్రూరత్వం వెంటనే కనిపించదు: తుడుచుకోగలిగినది తుడుచుకోలేదంటే తప్పు నీదే అని అది చెబుతుంది.

ఈ రెంటికంటే కంభం చెరువు తూము మెరుగైన ఉపమానం. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ విజయనగర కాలంలో కట్టిన ఈ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువులో ఎంత నీరుంది అన్నది ఒక ప్రశ్న. ఏ తూము ఎప్పుడు తెరిచారు, ఏ కాలువకు నీరెక్కింది, ఆయకట్టు చివరి మడికి చేరిందా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు తెలిసినంత మాత్రాన రెండవదానికి తెలియదు. నిండిన చెరువు కింద ఎండిన చేను ఉండవచ్చు. తూము పలకలా తుడిచేది కాదు, నొసటి రాతలా మూసుకుపోయినదీ కాదు. దాన్ని తెరవడానికి సమయం ఉంది, అదను దాటితే ఎంత నీరు వదిలినా పైరు కోలుకోదు. ‘మొక్కై వంగనిది’ అన్న సామెతలోని సత్యాంశం ఇక్కడ నిలుస్తుంది.

ఈ ఉపమానమూ ఒకచోట విరుగుతుంది. చెరువు కింద నీరు పంచే నీరుగంటి ఉంటాడు. కణంలో నీరుగంటి లేడు. న్యూక్లియోసోమ్‌ను జరిపే ప్రోటీన్ ఎవరి పట్లా పక్షపాతం చూపదు, ఎవరికీ జవాబుదారీ కాదు. కేంద్రకం లోపల నీతి లేదు. అయితే విరిగిన ఈ చోటే మనకు దారి చూపుతుంది. ఈస్ట్ కణానికి ఫాస్ఫేట్ లేకుండా చేసింది ప్రయోగశాలలోని మనిషి. గర్భిణికి తిండి లేకుండా చేసేదీ, చేసే స్థితిని నిలబెట్టేదీ మనుషులే. నీరుగంటిని వెదకవలసింది కణం బయట.

పొరుగున ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం (క్రీ.శ. 1369) మంచి చెరువుకు పన్నెండు సాధనాలనూ ఆరు దోషాలనూ లెక్కిస్తుంది. నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం ఆ దోషాల్లోనివి. దోషం కూర్పుదిగా చెప్పబడింది. ఎండిన చేను రైతుదిగా కాదు.

సుభద్ర నిద్ర

పుట్టుక వాదం బలహీనపడిన చోట వచ్చి కూర్చునే కొత్త నింద తల్లి మీది నింద. రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944–45 శీతకాలంలో జర్మన్ దిగ్బంధం వల్ల నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. ఆ రోజుల్లో గర్భంలో పడినవారిలో ఐజీఎఫ్2 అనే జన్యువు దగ్గరి డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులు, కరువు సోకని వారి తోబుట్టువులలో కంటే తక్కువగా ఉన్నాయని ఆరు దశాబ్దాల తర్వాత, 2008లో వెల్లడయింది. ఇది హిస్టోన్ల సంగతి కాదు, డీఎన్ఏ మీది రసాయన గుర్తుల సంగతి. రెండూ ఒకే వ్యవస్థలో కలిసి పనిచేస్తాయి గానీ ఒకటి కావు. ఈ పరిశోధన జనవ్యవహారంలోకి వచ్చేసరికి దిగ్బంధం చేసిన సైన్యం మాయమైంది. ‘గర్భవతి తిన్నదే బిడ్డ రాత’ అన్న అర్థం మిగిలింది.

ఈ దారి మన సాహిత్యానికి కొత్తది కాదు. గర్భస్థ శిశువు వింటాడన్న ఊహకు మనకు రెండు ప్రసిద్ధ కథలున్నాయి. భాగవతంలో ప్రహ్లాదుడు తల్లి గర్భంలో ఉండగా నారదుడి ఉపదేశం విన్నాడు. ఆ కథలో ఘనత నారదుడికీ, ప్రహ్లాదుడికీ దక్కింది. ఆ తల్లి పేరు గుర్తున్న పాఠకులు తక్కువ. అభిమన్యుడి కథలో మాత్రం తల్లి గట్టిగా గుర్తుంటుంది. పద్మవ్యూహ ప్రవేశం వింటూ సుభద్ర నిద్రపోయింది, అందుకే కొడుక్కి బయటపడే దారి తెలియలేదు అని జనశ్రుతి. మంచి జరిగితే గురువుకు, చెడు జరిగితే తల్లికి అన్న ఈ పంపకం గమనించదగినది.

వ్యాస భారత ద్రోణపర్వంలో అభిమన్యుడు చెప్పేది వేరు. తండ్రి తనకు వ్యూహాన్ని భేదించడం నేర్పాడు, ఆపద వస్తే బయటపడటం తనకు తెలియదు అంటాడు. తల్లి నిద్ర ప్రసక్తి అక్కడ లేదు. దారి నువ్వు చెయ్యి, మేము వెంటనే వస్తామని పెదతండ్రులు మాట ఇస్తారు. వారు రాలేకపోవడానికి కారణం సైంధవుడు ద్వారం అడ్డగించడం. లోపల ఒక్కడిని అనేకులు చుట్టుముట్టి చంపారు. అంటే ఇతిహాసం ఒక బాలుడి చావుకు నేర్పని తండ్రిని, పంపిన పెద్దలను, అడ్డగించిన శత్రువును, ధర్మం తప్పిన యోధులను, ఇందరిని సాక్ష్యంగా నిలిపింది. జనశ్రుతి వీరందరినీ విడిచిపెట్టి నిద్రపోయిన స్త్రీని పట్టుకుంది. మౌఖిక సంప్రదాయాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. గర్భస్థ ప్రభావం అనే భావన ఎక్కడికి జారుతుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం దొరకదని మాత్రమే.

దీనికి ఎదురుగా తెలుగు నేల మీదే జరిగిన ఒక ప్రయోగాన్ని నిలపవచ్చు. 1987–90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో, కొన్నిటిలో ముందుగా, మిగిలినవాటిలో తర్వాత అంగన్‌వాడీ పథకం అమలయింది. ముందుగా వచ్చిన గ్రామాల్లో గర్భిణులకూ, పసిపిల్లలకూ రోజూ అదనపు ఆహారం అందింది. జాతీయ పోషకాహార సంస్థ నిర్వహించిన ఈ అధ్యయనంలోని పిల్లలను యుక్తవయసులో మళ్లీ పరీక్షించారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. ఇన్సులిన్ నిరోధం, ధమనుల బిరుసుదనం తక్కువగా ఉన్నాయి. ఈ పరిశోధన హిస్టోన్లను కొలవలేదు. ఏ కణంలో ఏ న్యూక్లియోసోమ్ జరిగి ఈ ఫలితం వచ్చిందని ఎవరూ చెప్పలేదు, చెప్పనవసరమూ రాలేదు. రెండు రకాల గ్రామాల తల్లులలో ప్రేమలో తేడా లేదు, శ్రద్ధలో తేడా లేదు. తేడా పథకం ఏ ఊరికి ముందు చేరిందన్న దానిలో ఉంది. తూము ఎక్కడ తెరిచారన్న ప్రశ్నకు ఇది సూటి సమాధానం.

ఉన్నదీ, ఉండవలసినదీ

ఇంతవరకూ వచ్చాక ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. జన్యు వ్యక్తీకరణ మారుతుంది కాబట్టి పేద బిడ్డకు తిండి పెట్టాలి అని మనం వాదిస్తే, అది మారదని రేపు తేలినప్పుడు ఏం చేస్తాం? క్రొమాటిన్ మనకు అనుకూలంగా ఉన్నంతకాలమే న్యాయం నిలుస్తుందా? ఈ అభ్యంతరం బలమైనది. నా ఉద్దేశంలో దీనికి ఒప్పుకోవడమే జవాబు. సంస్కరణను సమర్థించేవారు శాస్త్రాన్ని పట్టుకొని ఊగడం, పుట్టుకవాదులు శాస్త్రాన్ని పట్టుకొని ఊగడం కంటే కొంచెం మేలైనదే గానీ వేరైనది కాదు. శాస్త్రం చేయగలిగింది ఒకటుంది: ‘ఏం చేసినా లాభం లేదు’ అనే సాకును అది తీసివేయగలదు. చేయవలసిన బాధ్యతను అది పుట్టించలేదు. మెదడు కణితితో పుట్టిన పసివాడి విషయంలో ఏ తూమూ తెరుచుకోదు. అంతమాత్రాన వాడికి మనం బాకీపడినది తగ్గదు.

ఈ బాధ్యత శాస్త్రానికి ముందే ఉందనడానికి ఈ ప్రాంత చరిత్రే ఆధారం. కంభం, మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాలోనివి; 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు చేరాయి. 1876–78 నాటి కరువు, జనం నోట ధాత కరువు, మద్రాసు రాజధానిలో అతి తీవ్రంగా తాకిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. ధాన్యం పూర్తిగా లేకపోవడం వల్ల వచ్చిన చావులు కావవి. రాజధాని రేవుల్లో ధాన్యం కదులుతూనే ఉంది, ధర పేదవాడికి అందలేదు. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడే మొత్తమూ, పైన ఒక అణా చాలునని కూలిని తగ్గించాడు. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి అది సుమారు 450 గ్రాముల గింజ.

ఆ నిర్ణయాన్ని మద్రాసు పారిశుధ్య కమిషనర్ కార్నిష్ ఎదిరించాడు. పని చేసే శరీరానికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానితో పాటు పప్పు, కూరగాయల వంటివి కావాలని వాదించాడు. మే నెలకల్లా ఆ కూలిని సవరించవలసి వచ్చింది. కోసెల్ హిస్టోన్లను గుర్తించడానికి అప్పటికి ఇంకా ఏడేళ్ల వ్యవధి ఉంది. కరువు పనికి వచ్చిన కూలీలలో గర్భిణులు ఉన్నారు. వారి పిల్లల కణాల్లో ఏ జన్యువు మూగబోతుందో కార్నిష్‌కు తెలియదు. ముందున్న మనిషి బరువు తగ్గుతున్నాడని తెలుసు, గింజ ఎక్కడ ఉందో తెలుసు, దాన్ని ఆపింది ఎవరి సంతకమో తెలుసు.